అబ్బులు గారి కొట్లో పట్టకారు

నేను ఒక పట్టకారును. పొయ్యి మీంచి మరుగుతున్న గిన్నెలు దించే మోటు పట్టకారు అనుకునేరు, అది మా వంశంలో కూలిపని చేసే శాఖ. నేను మిఠాయి పట్టకారును. సన్నగా, పొడుగ్గా, కొసన రెండు ఆకుల్లాంటి చేతులతో ఉంటాను. మనిషి చేతికీ మనిషి నోటికీ మధ్య నిలబడి, దీని మురికి దానికి చేరకుండా చూడటం నా ఉద్యోగం. ఇంత పెద్ద బాధ్యత నెత్తినేసుకున్నదానికి కాస్త గర్వం ఉంటే తప్పులేదని అప్పట్లో నా అభిప్రాయం.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. స్టీలు రేకును కత్తిరించి, వంచి, సుత్తితో నాలుగు మొట్టి గోనెసంచిలో పడేశారు. బారసాల కూడా అంతే. అక్కణ్ణించి అమలాపురంలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు చేరి, మా తోబుట్టువులతో పాటు తాడుకు గుచ్చబడి గుమ్మానికి వేలాడాను. మాలో ఒకటి బజ్జీల బండికి వెళ్ళింది. ఇంకొకటి ఎవరింటికో పుల్కాలు కాల్చడానికి వెళ్ళింది. మసిబారిపోయే బతుకులు పాపం అని జాలిపడ్డాను. నన్ను మాత్రం హేమలత కొనుక్కుంది. కొనే ముందు నా చేతులు రెండూ కలిపి, విడదీసి, వెలుగులో పెట్టి చూసింది. పెళ్ళిచూపులు మనుషులకే ఉంటాయనుకున్నాను, మాకూ ఉంటాయని ఆవేళే తెలిసింది.

హేమలతది అంబాజీపేట. అక్కడ కొబ్బరికాయల మార్కెట్టు పక్కన ఆమె మామగారు కడలి అబ్బులు గారికి మిఠాయి కొట్టుంది. కాజాలు, కొబ్బరి లౌజు, సున్నుండలు, కారప్పూస. కొట్టు చిన్నదే అయినా పేరు పెద్దది. మార్కెట్టులో బేరాలు ముగించుకున్న వ్యాపారులు, కాయలు దించిన లారీ డ్రైవర్లు అందరూ ఇంటికి వెళ్ళే ముందు అక్కడ ఆగుతారు. ఆగి, గల్లాపెట్టె ముందు అరచెయ్యి చాపుతారు. అబ్బులు గారు ఒక కాజా తీసి, రెండు వేళ్ళతో నొక్కి విరిచి, పాకం కారుతున్న సగం ముక్కను ఆ అరచేతిలో పెడతారు. అది రుచికి. దానికి డబ్బు లేదు. ఆ ముక్క నోట్లో వేసుకున్నాక బేరం మొదలవుతుంది. ఈ ఆనవాయితీ అబ్బులు గారి నాన్నగారి నాటిది.

ఆ వేళ్ళ సంగతి నేను చెప్పాలి. అవే వేళ్ళతో నోట్లు లెక్కపెడతారు. నోట్లు అంటుకుంటే నాలిక్కి రాసుకుంటారు. కవరు విడకపోతే ఇంకోసారి రాసుకుంటారు, అప్పటికీ విడకపోతే దాన్లోకి ఉఫ్ఫని ఊదుతారు. ఆ ఊపిరి మీదే కాజాలు పోస్తారు. తూకంలో కాస్త ఎక్కువైతే ఒక కాజాను గిల్లి సరిచేసి, గిల్లిన ముక్క తను తినేసి, వేళ్ళు పంచెకు తుడుచుకుని తర్వాతి కవరు అందుకుంటారు. ఎవరికీ తప్పనిపించలేదు. ఆయన చేతిలో రుచుందని ఊరంతా అనేది, ఆ చేతిలో ఇంకేముందో ఎవరూ అడగలేదు.

అడిగింది హేమలతే. కోడలుగా వచ్చిన కొత్తలో చాలాకాలం నోరు మెదపలేదట. వంటింట్లో శుభ్రం తన రాజ్యం, కొట్లో శుభ్రం మామగారి రాజ్యం అని సరిపెట్టుకుంది. కానీ తినే సరుకు అమ్మేవాళ్ళందరికీ లైసెన్సు ఉండాలనీ, తలకు టోపీ, చేతికి తొడుగూ ఉండాలనీ మార్కెట్టు మైకులో ప్రకటన చేశాక ఆమెకు ధైర్యం వచ్చింది. టోపీలు, తొడుగులు, వాటితో పాటు నన్నూ తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టింది.

అబ్బులు గారు నన్ను చచ్చిన పాముని చూసినట్టు చూశారు.

"ఏంటమ్మా ఇది? నా చేతికేవైనా రోగవా?"

రోగం లేదనీ, రాకుండా ఉండటానికేననీ హేమలత నెమ్మదిగా చెప్పింది. ఆయన వినలేదు. ఈ చెయ్యి పెళ్ళిళ్ళకి పెట్టింది, పేరంటాలకి పెట్టింది, నీ పెళ్ళికీ పెట్టింది, అప్పుడు తిన్నావు కదా అని సాయంత్రం దాకా సాధించారు. కొడుకు సత్తిబాబు ఇద్దరి మొహాలూ చూసి, నెయ్యి తేవాలని రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా నెయ్యి అయిపోతుందని నాకు తర్వాత అర్థమైంది.

ఇలా గుమ్మంలోనే ఎదురుదెబ్బ తిన్న నన్ను దసరా కాపాడింది. ఆయుధపూజ నాడు త్రాసూ, బూరెలమూకుడూ, కాజాలు దేవే చట్రాలూ అన్నీ కడిగి వరసగా పెట్టి, అబ్బులు గారు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతున్నారు. కొట్లో ఉన్న ఇనుప వస్తువును పూజకు పెట్టకపోతే దోషమేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. నన్నూ చివర్న పెట్టారు. నా రెండు కాళ్ళకూ నిండా పసుపు పూసి, నడుముకు బొట్టుపెట్టి, ఎర్రదారం కట్టారు. ఆ ఏడు దీపావళి బేరాలు ముందెన్నడూ లేనంత జోరుగా సాగాయి. ఆ ఏడు పూజలో కొత్తగా చేరిన వస్తువును నేనొక్కదాన్నే. ఇంకేం, అబ్బులు గారు లెక్క కట్టేశారు. నేను లక్ష్మిని.

మిగతా సామానంతా మర్నాటికల్లా పనిలో పడి, పసుపు పోగొట్టుకుని, కడిగించుకుని మామూలైపోయింది. నన్ను మాత్రం కడగనివ్వలేదు. హేమలత ఒకసారి సబ్బు, పీచు పట్టుకుని నా మీద చెయ్యి వేస్తే అబ్బులు గారు కంగారుగా అడ్డం వచ్చారు.

"వద్దమ్మా. మళ్ళీ దసరా దాకా దానికి నీళ్ళు తగలకూడదు. ఆ బొట్టు పోతే బేరం పోద్ది."

పట్టకారుకు మైలేముంటుంది, మనిషి చెయ్యే తగలదు కదా అని ఆయన వాదన. నాకూ ఆ వాదన నచ్చింది. శుభ్రం కోసం పుట్టినదాన్ని, నన్ను కడగడమేమిటి, అవమానం కాదూ? హేమలత పీచు పక్కన పడేసింది. మామగారు పట్టకారంటూ వాడటమే గొప్ప, దాన్ని కడిగిద్దామని పోతే మొదటికే మోసం వస్తుందని ఊరుకున్నట్టుంది.

వాడటం అంటే ఎలా వాడారో చెప్పాలి. హేమలత ఎదురుగా ఉంటే నాతో కాజాలు తీసేవారు. ఆమె లోపలికి వెళ్తే చేత్తో తీసి, నాతో వీపు గోక్కునేవారు. వీపు నడిమధ్య, ఎవరి చెయ్యీ అందని చోట ఆయనకు ఎప్పుడూ దురదే. గల్లాపెట్టె వెనక పడిన బిళ్ళలు నాతో లాగేవారు. ఫ్యాను స్విచ్చి నాతో నొక్కేవారు. పక్క కొట్టు పిల్లి వస్తే నాతో అదిలించేవారు. అన్నీ అయ్యాక భక్తిగా కళ్ళకద్దుకుని మేకుకు తగిలించేవారు. పసుపు మీద పాకం, పాకం మీద దుమ్ము, దుమ్ము మీద ఇంకాస్త పాకం పట్టి నా కాళ్ళు నల్లగా నిగనిగలాడేవి. అది హోదా అనుకున్నాను.

ఇలా ఉండగా దొమ్మేటి పెదబాబు గారి వ్యవహారం వచ్చిపడింది. ఆయన కొబ్బరికాయల వ్యాపారి, భారీ మనిషి, ముక్కు మీద కోపం. అబ్బులు గారి కొట్లో రోజూ మొదటి అరచెయ్యి ఆయనదే. ఆ రోజూ వచ్చి అలవాటుగా చెయ్యి చాపారు. హేమలత కారప్పూస డబ్బా సర్దుతూ అక్కడే ఉంది. అబ్బులు గారు ఆమె వైపోసారి, ఆయన వైపోసారి చూసి, గత్యంతరం లేక నన్ను అందుకున్నారు. కాజా పట్టి, జానెడు దూరంలోంచి, పెదబాబు గారి అరచేతిలో వదిలారు.

పెదబాబు గారు ఆ కాజాను తినలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి మొహం ఎర్రగా చేసుకున్నారు.

"ఆయ్, ఏంటండి అబ్బులు గారూ ఇది? పొయ్యిలో నిప్పు తీసినట్టు పట్టకారుతో పడేత్తన్నారు. మా చెయ్యి తగిలితే మైలపడిపోతారా తవఁరు?"

అబ్బులు గారు శుభ్రం కోసమండీ అన్నారు. అంటే మేం శుభ్రంగా లేమా అన్నారు పెదబాబు గారు. మీ శుభ్రం కాదండీ, మా శుభ్రం అన్నారీయన. మరి ఇన్నాళ్ళూ మీ మురికి తిన్నామా అన్నారాయన. కాజాను బల్ల మీద పెట్టేసి పెదబాబు గారు మెట్లు దిగిపోయారు. కోపం ఇంటికి వెళ్ళినా చల్లారలేదు. పట్టకారుతో విసిరే పెద్దమనిషి కవర్లు నోటితో ఊదుతాడనీ, వేలు నాకి నోట్లు లెక్కపెడతాడనీ అమలాపురంలో తిండి సరుకుల తనిఖీ ఆఫీసుకు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టారు. అబద్ధం ఒక్కటీ లేదు, అదే చిక్కు.

ఫుడ్ ఇన్‌స్పెక్టరు ప్రసూన గారు వచ్చిన రోజు అబ్బులు గారిని చూడాల్సింది. జీపు మలుపు తిరిగిందని కబురు రాగానే బట్టతల మీద టోపీ పెట్టుకున్నారు. ఆ తల మీంచి మిఠాయిలో వెంట్రుక పడాలంటే దేవుడు దిగిరావాలి. చేతులకు తొడుగులు వేసుకున్నారు, కుడిది ఎడమకూ ఎడమది కుడికీ. ప్రసూన గారు మాట తక్కువ మనిషి. ఒక పక్కన కుర్చీ వేసుకుని, మీ పని మీరు కానివ్వండి అన్నారు. ఒక బేరం వచ్చింది. అబ్బులు గారు నాతో కాజాలు తీశారు, తూచారు, అంతా పద్ధతిగా నడిచింది. హేమలత మొహం వికసించింది. కవరు విడలేదు. అబ్బులు గారు తొడుగు వేసుకున్న బొటనవేలిని చక్కగా నాలిక్కి రాసుకుని కవరు విడదీశారు.

ప్రసూన గారు కుర్చీలోంచి లేచారు.

ఆవిడ కేకలు వెయ్యలేదు. వేస్తే బాగుండేది. కాజాలు, లౌజు కొంచెం కొంచెం సీసాల్లో తీసుకున్నారు. దూదిపుల్లలు తీసి, బల్ల మీదా పళ్ళెం మీదా రుద్ది గొట్టాల్లో పెట్టారు. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా అమ్మకాలు ఆపమన్నారు. తేడా ఉంటే లైసెన్సు రద్దవుతుందన్నారు. అబ్బులు గారు టోపీ తీసి బల్ల మీద పెట్టేశారు. అయినా పౌరుషం పోలేదు.

"నా చెయ్యి కూడా పరీక్ష చెయ్యండమ్మా. దాంట్లో తప్పుందని తేలితే ఈ గల్లాపెట్టె దగ్గర ఇంక కూచోను. మా కోడలే కూచుంటది."

సరే, సబ్బుతో కడుక్కుని రండి, కడిగిన చేతినే చూస్తాను అన్నారావిడ. అబ్బులు గారు మోచేతుల దాకా, గోళ్ళ సందుల దాకా, తద్దినానికి కూర్చోబోయేవాడిలా కడుక్కుని వచ్చి చాపారు. తర్వాత ప్రసూన గారి చూపు మేకు మీద ఉన్న నా మీద పడింది. దీన్నీ కడిగి ఇస్తారా అని అడిగారు. హేమలత నా కోసం చెయ్యి చాపింది. అబ్బులు గారు కళ్ళతోనే వారించి, "దానికెందుకండీ, అది శుభ్రానికే తెచ్చింది" అన్నారు. ప్రసూన గారు నా మీదా ఒక దూదిపుల్ల రుద్దారు. నాకు గిలిగింత పెట్టింది. మెడల్ ఇచ్చే ముందు కొలతలు తీసుకుంటున్నారనుకున్నాను.

ఆ తర్వాతి రోజులు తల్చుకుంటే నాకిప్పటికీ బాధ. కొట్టు తలుపు సగం వేసే ఉండేది. పొయ్యి వెలగలేదు. మార్కెట్టు నుంచి వచ్చేవాళ్ళు అలవాటుగా మెట్టు మీద కాలు పెట్టి, గుర్తొచ్చి వెనక్కి తీసుకునేవారు. కొందరు అడిగేవారు, కొందరు అడక్కుండా నవ్వుకునేవారు. అబ్బులు గారు ఖాళీ గల్లాపెట్టె ముందే కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తుండేవారు. వాళ్ళ నాన్న పోయాక ఆ ఊళ్ళో ఆయనకు విలువ తెచ్చిపెట్టింది ఆ చెయ్యే. అది తప్పని కాగితం మీద తేలిపోతే ఇంక తనేం చెయ్యాలి, ఎక్కడ కూర్చోవాలి? ఆ భయం ఆయన మొహంలో కనిపిస్తూనే ఉండేది. అన్నం సగంలో వదిలేసేవారు. సత్తిబాబు మాత్రం రోజూ నెయ్యికి వెళ్ళాడు, పొయ్యి వెలగని కొట్టుకు.

నేనేం చేశానంటారా? సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను. చెయ్యి ఓడిపోతుంది, నేను గెలుస్తాను, ఇక కొట్టంతా నాదే అని మేకు మీద హాయిగా ఊగాను.

రిపోర్టు పట్టుకుని ప్రసూన గారు స్వయంగా వచ్చారు. మిఠాయిల్లో తేడా లేదన్నారు. బల్ల, పళ్ళెం పర్వాలేదన్నారు. అబ్బులు గారు కొయ్యబారి నిలబడ్డారు. మీ చెయ్యి శుభ్రంగా ఉందండి అన్నారావిడ. ఆయన ఆ చేతిని గుండెలకు హత్తుకున్నారు. కళ్ళు చెమర్చాయి. చూశావా అన్నట్టు కోడలి వైపు తిరిగారు. ఆమె నిజంగానే సంతోషంగా తల ఊపింది.

"ఇంకోటుందండి" అని ప్రసూన గారు నా వైపు చూపించారు. "ఈ కొట్లో అన్నిటికంటే మురికిది ఇదే. మరుగుదొడ్డి తలుపు గొళ్ళెం మీద కూడా ఇన్ని క్రిములు ఉండవు. దీన్ని కడిగి ఎన్నాళ్ళయింది?"

నా చెవులను నేను నమ్మలేదు. నాకు చెవులు లేవు, అది వేరే సంగతి. పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుపడింది ఆ రోజే. మరుగుదొడ్డి గొళ్ళెంతో పోల్చారు నన్ను. అందులోనూ నేను ఓడిపోయాను.

జవాబు ఇద్దరికి తెలుసు. నన్ను కొట్టుకు తెచ్చింది హేమలతేనని అందరికీ తెలుసు. నన్ను కడగనివ్వనిది ఎవరో ఆ ఇద్దరికే తెలుసు. ఆమె ఒక్క మాట అంటే చాలు, ఇన్నాళ్ళ సాధింపుల బాకీ వడ్డీతో సహా తీరిపోయేది. అబ్బులు గారు ఆమె నోటివైపే చూశారు.

"తప్పు నాదేనండి" అంది హేమలత. "కడగటం నా పని. నేనే చూసుకోలేదు."

ప్రసూన గారు సరే అని కాగితంలో ఏదో రాయబోయారు. అంతటితో అయిపోయేది. చెయ్యి నెగ్గింది, గల్లాపెట్టె నిలిచింది, మాట పోలేదు. అబ్బులు గారు ఊరుకుంటే చాలు. ఆయన ఊరుకోలేకపోయారు.

"రాయకండమ్మా. ఆ పిల్ల సబ్బట్టుకొచ్చింది, నేనే కడగనివ్వలేదు. పూజ చేశానని."

ఆవిడకు అర్థం కాలేదు. ఆయన మొత్తం చెప్పుకున్నారు, ఆయుధపూజ, దీపావళి బేరాలు, బొట్టు, అన్నీ. చివరికి వీపు సంగతి కూడా చెప్పేశారు. ప్రసూన గారు మొదటిసారి నవ్వారు. చెయ్యి గొప్పదీ కాదు, పట్టకారు గొప్పదీ కాదు, ఎప్పుడు కడిగితే అప్పుడు శుభ్రం, కడగడం మానితే అప్పుడే మురికి అన్నారు. రోజూ నన్ను మరిగించాలనీ, నోటు పట్టిన చెయ్యి మిఠాయి పట్టకూడదనీ, మళ్ళీ చెప్పకుండా వచ్చి చూస్తాననీ చెప్పి, కొట్టు తెరుచుకోమన్నారు.

జీపు వెళ్ళగానే అబ్బులు గారు నన్ను తీసుకుని పెరట్లోకి నడిచారు. ఎవరినీ రానివ్వలేదు. తపేలాలో నీళ్ళు మరిగించి, ఎర్రదారం విప్పి, తన చేత్తోనే పీచుతో రుద్దారు. పసుపు, కుంకుమ, దీపావళి పాకం, పిల్లి బొచ్చు, వీపు మట్టి, అన్నీ ఒకే రంగుగా కారిపోయాయి. వేడి మండింది, ఒప్పుకుంటాను. కానీ కింద మెరిసిన స్టీలును చూసి ఇది నేనేనా అనుకున్నాను. "క్షమించు తల్లీ" అని ఆయన గొణిగారు. నన్నో లక్ష్మీదేవినో తెలియలేదు.

తిరిగొచ్చి హేమలతను పిలిచి గల్లాపెట్టె దగ్గర కుర్చీ చూపించారు. "కూచో అమ్మా."

మీ చెయ్యి గెలిచింది కదా మావయ్యగారూ అని ఆమె వెనకాడింది. చెయ్యి గెలిచిందమ్మా, బుర్రే ఓడిపోయింది, బుర్ర కూడా నాదే కదా అన్నారాయన. పాకం పట్టడం, కాజా వేయించడం తన వంతు, అమ్మడం ఆమె వంతు అని తేల్చేశారు. ఆమె కూర్చుంది. టోపీ పెట్టుకుంది. నన్ను చేతిలోకి తీసుకుంది. ఆ పట్టులో బెరుకూ లేదు, భక్తీ లేదు. పని ఉంది. నాకు హాయిగా అనిపించింది.

కొట్టు తెరిచిన కబురు మార్కెట్టుకు చేరి, మొట్టమొదట వచ్చింది ఎవరనుకున్నారు? పెదబాబు గారు. తన ఫిర్యాదు ఏం చేసిందో చూసుకుందామని వచ్చి ఉంటారు. కుర్చీలో అబ్బులు గారు లేకపోవడం చూసి ఆయన మొహంలో విజయం కాదు, గాభరా కనిపించింది. మెట్టు దగ్గరే తటపటాయించారు. చెయ్యి చాపాలా వద్దా అన్నది ఆయన సమస్య. చాపితే మళ్ళీ పట్టకారు.

అబ్బులు గారు లోపల్నించి, పొయ్యి దగ్గర్నించి అది చూశారు. పిండి చేతులు దులుపుకుంటూ వచ్చి, పెదబాబు గారి పక్కన, కొనుక్కునేవాళ్ళు నిలబడే వైపు నిలబడ్డారు. పుట్టి పెరిగిన కొట్టుకు ఆయన అటువైపు నిలబడటం అదే మొదలు. తన అరచెయ్యి చాపారు.

"ముందు నాకెయ్యమ్మా. ఆయ్, ఆ పట్టకారుతోనే."

పెదబాబు గారు ఆ చాపిన చేతిని కాసేపు చూశారు. నెమ్మదిగా తన చెయ్యీ పక్కన పెట్టారు. హేమలత కాజా పట్టి పైకెత్తింది. పాకం ఒక చుక్క నా కొస నుంచి కిందికి సాగింది. ఆమె వదల్లేదు. పిండి అంటిన ఒక చేతినీ, కొబ్బరి పీచు అంటిన ఇంకో చేతినీ పరీక్షగా చూసింది.

"చేతులు కడుక్కున్నారా?"

పెద్దమనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ముందు అబ్బులు గారు, వెనక పెదబాబు గారు, పెరట్లో కుళాయి దగ్గరికి నడిచారు.